గానుగరాయి నుండి రోలరు మిల్లు వరకు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)

పూర్వము మేడగాని, కోవెలగాని, చెరువు తూముగాని కట్టదలచినచో ఊరివెలుపల మొట్టమొదట ఒక సున్నపు గానుగ వెలిసెడిది. గుండ్రముగ కాలువ త్రవ్వి, దానికి రాళ్లు పరచి, అందులో బరువైన రాతిచక్రమును నిలువుగ నిలిపి, నడుమ పాతిన గుంజకు ఇరుసుతో తగిలించి ఎద్దులచేత త్రిప్పించెడివారు. కాలువలో పోసిన సున్నమును, ఇసుకను ఆ చక్రము తొక్కుచు పోయెడిది. మేస్త్రి మధ్యమధ్య చిటికెడు సున్నము తీసి వ్రేళ్లనడుమ నలిపి చూచెడివాడు. గరుకు తగిలినచో ఎద్దులు మరల తిరుగవలసినదే. వెన్నవలె జారినచో కాడి విప్పించెడివాడు. అట్టి సున్నముతో కట్టిన గోడలు పెక్కుచోట్ల నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నవి.

ఆ గానుగలో మూడు నీతులు కలవు. చక్రమునకు తగినంత బరువుండవలెను. దానిక్రింద పదార్థము తగినంత మందముగ పరచియుండవలెను. కావలసినంత నలిగిన పిమ్మట పదార్థమును ఊరక తొక్కింపక తీసివేయవలెను. నేడు సిమెంటు కర్మాగారములందును, బొగ్గుతో విద్యుచ్ఛక్తిని పుట్టించు కేంద్రములందును అనేకాంతస్తుల ఎత్తున నిలిచి పనిచేయు రోలరు మిల్లులు ఈ మూడు నీతుల విస్తరణమే. వాటిని రూపొందించు ఇంజనీరు ఏమేమి ఆలోచింపవలయునో, ఎచ్చట కొలత తప్పినచో ఏమి కీడు మూడునో తెలుపుటయే ఈ ప్రసంగమున ఉద్దేశింపబడినది.

సిమెంటు ఒక్కమారు నూరినంత మాత్రమున తయారగు వస్తువు కాదు. ఇంగ్లండునందలి లీడ్సు నగరమున తాపీపని చేయుచుండిన జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లాండు సిమెంటను పేర పేటెంటు పొందెను. తరువాత తయారీ పద్ధతులు ఎంతయో మారినవి గాని నూరుడుపని మాత్రము తప్పలేదు. మొదట సున్నపురాతిని బంకమన్నుతోను, ఇనుపధాతువుగల మట్టితోను కలిపి పిండిచేయుదురు. ఆ పిండిని తిరుగుడు బట్టీలో సుమారు 1450 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమివరకు కాల్చుదురు. ఆ బట్టీని మండించుటకు బొగ్గును కూడ పిండిచేసి గాలితో లోనికి ఊదుదురు. కాలిన పదార్థము బూడిదవన్నె గోలీలవలె వెలుపలికి వచ్చును. దానికి క్లింకరని పేరు. క్లింకరునకు కొంచెము జిప్సము చేర్చి మరల పిండిచేసిననే సిమెంటు లభించును. ఇట్లు రాయి, బొగ్గు, క్లింకరు మూడును నలుగవలెను. ఒక టన్ను సిమెంటు సంచులకెక్కులోపల సుమారు రెండున్నర టన్నుల పదార్థము మిల్లులలో నలుగుచుండును. కర్మాగారము వాడుకొను విద్యుచ్ఛక్తిలో సగమునకు పైగా ఈ నూరుడునకే చెల్లిపోవును.

ఇంత మెత్తగ నూరుట ఎందులకని అడుగవచ్చును. ఒక సెంటీమీటరు అంచుగల ఘనాకారపు రాతిముక్కకు ఆరు ముఖములు. వాటి మొత్తపు వైశాల్యము 6 చదరపు సెంటీమీటర్లు. దాని ప్రతి అంచును నూరుభాగములు చేసి కోసినచో పదిలక్షల చిన్నముక్కలగును. వాటి ముఖములన్నియు కలిపిన వైశాల్యము 600 చదరపు సెంటీమీటర్లు. రాయి బరువు పెరుగలేదు, వైశాల్యము మాత్రము నూరురెట్లు పెరిగినది. నీరు తగులునది, నిప్పు అంటుకొనునది ఆ వైశాల్యమునకే. బజారులో దొరకు సాధారణ సిమెంటు ఒక్క గ్రాములోని రేణువుల పైభాగమును పరచి కొలిచినచో సుమారు 3000 చదరపు సెంటీమీటర్లుండును. కావుననే గుప్పెడు సిమెంటు నీటితో కలిసి కొలది గంటలలో గట్టిపడుచున్నది. రాతిబొగ్గు కుంపటిలో నెమ్మదిగ కాలును గాని, దాని పిండి బట్టీలో కనురెప్పపాటున మండును.

అయితే ఈ మెత్తదనమునకు వెల చెల్లింపవలెను. దాని లెక్కను పండితులు తరతరములుగ వెదకిరి. 1867లో రిట్టింగర్, 1885లో కిక్ చెరియొక సూత్రమును ప్రతిపాదించిరి. 1952లో అమెరికా దేశపు ఇంజనీరు ఫ్రెడ్ బాండ్ మూడవ సూత్రమును ప్రకటించెను. దాని ప్రకారము పెద్దరాళ్లను పిండిచేయుటకు పట్టు శక్తి తుది రేణువు పరిమాణపు వర్గమూలమునకు విలోమముగ పెరుగును. సులభముగ చెప్పవలెనన్నచో, రేణువు నాలుగవవంతు పరిమాణమునకు దిగవలెనన్న శక్తి ఇంచుమించు రెండింతలు కావలెను. పిండి కొద్దీ రొట్టె యనుట లోకమున వాడుక. మిల్లు దగ్గర మెత్తదనము కొద్దీ కరెంటు. అవసరమునకు మించి మెత్తగ నూరుట ధనమును గాలిలో కలుపుటయే.

పూర్వపు కర్మాగారములలో ఈ పని బాల్ మిల్లులు చేసెడివి, నేటికిని అనేకస్థలములలో చేయుచున్నవి. అది పెద్ద ఇనుపపీపా. అందులో ఉక్కుగుండ్లు నింపి త్రిప్పుదురు. గుండ్లు పైకెక్కి క్రిందపడునప్పుడు నడుమ చిక్కిన పదార్థము నలుగును. ఇది రోలు రోకలి పద్ధతి. గుండు మీద గుండు పడినప్పుడు చప్పుడు, వేడిమి తప్ప ఫలమేమియు లేదు. మిల్లునకిచ్చిన శక్తిలో క్రొత్త ముఖములను పుట్టించుటకు నిజముగ వినియోగపడునది నూటికి కొద్దిపాళ్లు మాత్రమే. తక్కినదంతయు వేడిమియై, ధ్వనియై, ఉక్కు అరుగుదలయై పోవును.

గానుగ పద్ధతి వేరు. అది దంపదు, నొక్కును. ఈ పద్ధతిని పెద్దయంత్రముగ మలచినవారిలో జర్మను ఇంజనీరు ఎర్న్‌స్ట్ కర్ట్ లోషె ముఖ్యుడు. బెర్లిన్ నగరమున 1920ల చివర ఆయన రూపొందించిన మిల్లు మొదట బొగ్గును నూరుటకే ఉద్దేశింపబడినది. అటుపిమ్మట సున్నపురాతికి, తుదకు క్లింకరునకు కూడ ఆ తరహా మిల్లులు వాడుకలోనికి వచ్చినవి. ఇందులో గానుగ తలక్రిందైనది. గానుగలో కాలువ కదలదు, చక్రము చుట్టు తిరుగును. ఈ మిల్లులో ఇనుపపళ్లెము తిరుగును, దానిమీది రోలర్లు తమతమ స్థానములను వదలక తమ ఇరుసులమీద దొర్లుచుండును. రోలర్లు రెండో, మూడో, నాలుగో, ఒక్కొక్క మిల్లులో ఆరో ఉండును. పదార్థము పళ్లెము నడుమ పడి, తిరుగుడు వేగమున అంచులవైపునకు జరిగి, రోలర్ల క్రింద నలిగి, అంచుదాటి పొర్లును. అచ్చట చుట్టును గల రంధ్రములనుండి వేడిగాలి పైకి లేచి పిండిని ఎత్తుకొని పోవును. మిల్లు శిరస్సున తిరుగుచున్న సెపరేటరు మెత్తనిదానిని వెలుపలికి పోనిచ్చి, గరుకుదానిని మరల పళ్లెముమీదికి పడవేయును.

కళ్లములో తూర్పారబట్టుట ఎరిగినవారికి ఈ పని క్రొత్త కాదు. గాలి పొట్టును ఎగురగొట్టును, గింజ కాళ్లదగ్గర పడును. మిల్లులో గాలి ఎగురగొట్టు మెత్తనిపిండియే పంట, క్రిందపడునది మరల నలుగవలసిన సరకు. తిరగలి, జల్లెడ, చేట, పొయ్యి అను నాలుగింటి పనులు ఒక్క కట్టడములో ఇమిడినవి. పొయ్యి ఏలయనగా, బట్టీనుండి వెడలు వేడివాయువులనే ఈ మిల్లునకు మళ్లించి తడిరాతిని నూరుచునే ఆరబెట్టుదురు. వృథాగ పోవలసిన వేడిమి ఇట్లు అక్కరకు వచ్చును. సమానమైన పనికి బాల్ మిల్లుతో పోల్చినచో నూటికి 30 పాళ్లవరకు విద్యుచ్ఛక్తి మిగులునని అనుభవము.

ఇక రూపకల్పన విషయము. ఇంజనీరు మొదట కాగితముమీద గీత గీయడు. నలుగవలసిన పదార్థమును పరీక్షించును. బొగ్గునకు హార్డ్‌గ్రోవ్ పరీక్ష ప్రసిద్ధము. 1930లలో అమెరికా ఇంజనీరు రాల్ఫ్ హార్డ్‌గ్రోవ్ పేర వాడుకకు వచ్చిన ఈ పద్ధతిలో, 50 గ్రాముల బొగ్గునలుసును చిన్న గిన్నెలో వేసి, 8 ఉక్కుగుండ్లను పైన నిలిపి, సుమారు 29 కిలోల బరువు మోపి, సరిగ 60 చుట్లు త్రిప్పుదురు. పిమ్మట 75 మైక్రాన్ల జల్లెడనుండి ఎంత పిండి దిగినదో తూచి, దానినిబట్టి ఒక అంకె కట్టుదురు. అంకె పెద్దదైనచో బొగ్గు సులువుగ నలుగును, చిన్నదైనచో మొండిది. మేస్త్రి చిటికెడు సున్నమును వ్రేళ్లతో నలిపి చూచుట వంటిదే ఈ పరీక్ష. అట్లే రాతిలో ఇసుక యెంతయో, తడి యెంతయో తెలియవలెను. ఇసుకపాలు హెచ్చినకొలది రోలర్లు త్వరగ అరుగును.

తరువాత పళ్లెము వ్యాసము. పళ్లెము మరీ వేగముగ తిరిగినచో పదార్థము రోలరు క్రిందికి చేరియు నలుగకమునుపే అంచుదాటి ఎగిరిపోవును. మరీ నెమ్మదిగ తిరిగినచో నడుమనే గుట్టపడును. పదార్థమును వెలుపలికి తోయు బలము చిన్నమిల్లులోను పెద్దమిల్లులోను ఒక్కరీతిగ ఉండవలెనన్నచో వ్యాసము పెరిగినకొలది వేగము తగ్గవలెను. ఒక మీటరు పళ్లెము నిమిషమునకు 56 చుట్లు తిరుగుచున్నదనుకొన్నచో, నాలుగు మీటర్ల పళ్లెము 28 చుట్లే తిరుగవలెను. వ్యాసము పెరిగిన కొలది రోలరు వెడల్పును, పదార్థపు పొర మందమును కూడ పెరుగును. వీటిని కలిపి లెక్కించినచో, వ్యాసము రెండింతలైన మిల్లు సుమారు 5.6 రెట్ల సరకు నూరగలదు. ఈ లెక్కయే చిన్న నమూనాను చూచి పెద్దయంత్రమును ఊహించుటకు ఆధారము.

రోలరు పరిమాణమునకు మరియొక కట్టుబాటు కలదు. గానుగచక్రమునకు ముందు పెద్దబండ వేసినచో చక్రము దానినెక్కలేదు, ముందునకు నెట్టుకొని పోవును. రోలరు సంగతియు నిట్టిదే. రాతిముక్క రోలరు వ్యాసమునకు తగిన చిన్నదైననే పళ్లెమునకు రోలరునకు నడుమ చిక్కి లోనికి పోవును. కావున మిల్లునకు ముందు రాళ్లను బద్దలుకొట్టు క్రషరు తగినంత పని చేసియుండవలెను.

నొక్కుడు బలము అన్నిటికన్న సున్నితమైనది. గానుగచక్రము తన బరువుతోనే నొక్కును. మిల్లులో రోలరు బరువు చాలదు. నూనెపీడనముతో పనిచేయు సిలిండర్లు దానిని క్రిందికి లాగుచుండును. రాయి ఎగుడుదిగుడుగ వచ్చినప్పుడు రోలరు కొంచెము లేచి దిగుటకు వీలుగ నైట్రజను వాయువు నింపిన బుడ్లు స్ప్రింగువలె తోడ్పడును. బలము తక్కువైనచో పదార్థము నలుగక తిరిగి తిరిగి వచ్చును. ఎక్కువైనచో పొర చెదరి, రోలరు ఎగిరి ఎగిరి పడి, మిల్లు పునాదితోసహా అదరును. అట్టి అదురులో పండ్లచక్రములు విరుగవచ్చును. అందుచే పొర నిలుచుటకు పళ్లెపు అంచున ఒక గట్టు కట్టుదురు. అవసరమైనచో కొంచెము నీరు చిలుకరింతురు. రోలరు పళ్లెమును తాకకుండ ఆపు మొట్టు ఏర్పరతురు. రోలరు పళ్లెము ఒకదానినొకటి అరుగదీయకుండుటకు వాటి నడుమనున్న ఆ పొరయే పరుపు. మిల్లును కాపాడునది మిల్లు నూరవలసిన పదార్థమే యనుట గమనింపదగినది.

గాలికిని ఇదే న్యాయము. గాలి చాలనిచో పిండి వెలుపలికి రాక మిల్లు ఉక్కిరిబిక్కిరి యగును. ఎక్కువైనచో ఫ్యాను మోటారే మిల్లు మోటారుకు సమీపముగ కరెంటును మ్రింగును. వెనుకటి మిల్లులలో అంచుదాటిన ప్రతి గులకరాతిని గాలియే ఎత్తవలసియుండెడిది. తరువాతి రూపములలో బరువైన రాళ్లను క్రిందికి జారనిచ్చి, బకెట్ల గొలుసుతో మరల పైకి చేర్చుచున్నారు. గాలి చేయవలసిన పనిని గాలికి, యంత్రము చేయవలసిన పనిని యంత్రమునకు పంచిపెట్టుటచే శక్తి మిగిలినది. 1980లలో జర్మనీయందలి ఆచార్యుడు క్లౌస్ షోనెర్ట్ పరిశోధనలవలన, రెండు రోలర్ల నడుమ పదార్థపు పొరను మిక్కిలి పీడనముతో ఒక్కమారు నొక్కు రోలరు ప్రెస్ కూడ సిమెంటు కర్మాగారములకు వచ్చినది. అదియు గానుగ వంశమునకు చెందినదే.

ఇంతవరకు చెప్పినది ధనమునకు, శక్తికి సంబంధించిన లెక్క. బొగ్గుమిల్లు దగ్గర మరియొక లెక్క కలదు. అది ప్రాణముల లెక్క.

1844లో ఇంగ్లండునందు హాస్వెల్ అను బొగ్గుగనిలో ప్రేలుడు సంభవించి 95 మంది మరణించిరి. విచారణకు ప్రభుత్వము పంపగా వచ్చిన విజ్ఞానవేత్తలు మైకెల్ ఫారడే, చార్లెస్ లయెల్ గనిలోని వాయువుతోపాటు బొగ్గుధూళియు మండినదని తెలిపిరి. ఆ మాటను ఆనాడు గట్టిగ పట్టించుకొన్నవారు తక్కువ. 1906 మార్చి 10న ఫ్రాన్సు దేశమున కూరియేర్ గనిలో ప్రేలుడు సొరంగము వెంట సొరంగముగ ప్రాకి 1099 మందిని బలిగొన్నది. బొగ్గుధూళి గాలిలో లేచి నిప్పు తగిలినచో తుపాకిమందు వంటిదని లోకము అప్పుడు నమ్మినది.

బొగ్గుగనిలో ఏది లేవకూడదని భయపడుదురో, బొగ్గుమిల్లులో దానినే పనిగట్టుకొని లేపుదురు. మెత్తని బొగ్గు, గాలి, వేడిమి మూడును ఒక ఇనుపకట్టడములో కూడియుండును. కావున ఆ మిల్లును రూపొందించు ఇంజనీరు ప్రతి గీతయందును నిప్పును తలచుకొనవలెను. ధూళి ఆగి పేరుకొనుటకు లోపల చదునైన అరుగు ఎచ్చటను ఉండరాదు. ఇనుపమేకు లోనబడి నిప్పురవ్వ లేపకుండ ముందే అయస్కాంతము దానిని పట్టవలెను. సిమెంటు కర్మాగారములలో బట్టీ వాయువులను లోనికి పంపి ప్రాణవాయువును సాధారణముగ నూటికి 12 పాళ్లకు లోబరచి ఉంచుదురు. వెలుపలి గాలిలో అది 21 పాళ్లు. మిల్లునుండి వెడలు గాలి వేడిమి సామాన్యముగ 65 నుండి 80 డిగ్రీల నడుమ ఉంచుదురు. అంతకు తగ్గినచో బొగ్గు ఆరదు, మించినచో రగులుకొనవచ్చును. ఎచ్చటనైన రాజుచున్నచో కార్బన్ మోనాక్సైడు పెరుగును. దానిని కనిపెట్టు మీటరుండవలెను. ఇంతచేసినను ప్రేలుడు జరిగినచో మిల్లు పగులకుండుటకు దళసరి ఉక్కు, పీడనమును విడిచిపెట్టుటకు తెరచుకొను రేకులు అమర్చుదురు. ఆ రేకులు మనుష్యులు నడచు త్రోవవైపు తెరచుకొనరాదు.

మిల్లు నిలకడగ నడచుచున్నప్పటికన్న ప్రారంభించునప్పుడు, ఆపునప్పుడు అపాయము హెచ్చు. ఏలయనగా అప్పుడే బొగ్గు, గాలి, వేడిమి పాళ్లు తారుమారగును. ఆగిన మిల్లులో మిగిలిన బొగ్గు బూడిదచాటు నిప్పువలె లోలోపల రాజుచుండును. వెలుపల చల్లగ కనబడినదని తొందరపడి తలుపు తెరచినచో క్రొత్తగాలి చొరబడి ప్రేలవచ్చును. నీటిధారను దానిమీదికి సూటిగ కొట్టినను ధూళి లేచి అదే కీడు కలుగవచ్చును. కావున మొదట ప్రాణవాయువు లేని వాయువును నింపి, మీటరు శాంతించువరకు వేచియుండవలెను. ఉత్పత్తి ఒక గంట ఆగినచో మరుసటి దినము పూరింపవచ్చును. తలుపు తెరచిన కార్మికుని ఇంటికి ఎవ్వరును మరల పూరింపలేరు.

తెలుగునాటకు ఈ విద్యతో దగ్గరి సంబంధము కలదు. 1871లో డాక్టరు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889 నాటికి అచ్చట బొగ్గు త్రవ్వకము ఆరంభమయ్యెను. 1920లో ఆ గనుల సంస్థకు సింగరేణి పేరు వచ్చెను. సున్నపురాయి పల్నాటి మాచర్లనుండి జగ్గయ్యపేటవరకు, కడపసీమ ఎర్రగుంట్లలోను, తాండూరు మంచిర్యాల ప్రాంతములలోను విస్తారముగ కలదు. హైదరాబాదు చెంత రామచంద్రాపురములోని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారమున బొగ్గునూరు బౌల్ మిల్లులు తయారగుచున్నవి. బౌల్ మిల్లు కూడ రోలరు మిల్లు జాతిదే. అందు పళ్లెమునకు బదులు గిన్నె తిరుగును. భారతదేశపు బొగ్గులో బూడిదపాలు హెచ్చు. ఆ బూడిదలోని ఇసుక రోలర్లను అరుగదీయును. పరదేశపు మంచిబొగ్గునకు గీచిన పటమును ఉన్నదున్నట్లు ఇచ్చటికి తెచ్చినచో చాలదు. ఇచ్చటి బొగ్గును ఇచ్చటనే పరీక్షించి, రోలరు తొడుగునకు తగిన క్రోమియపు ఇనుమును ఎంచి, అరిగినంత మేరను మరల ఉక్కుతో పోతపోసి సరిచేయు ఏర్పాటు గావింపవలెను. పుట్టినచోటి మట్టిని ఎరుగని మిల్లు ఎన్నాళ్లో నిలువదు.

మిల్లునుండి వెడలు పిండిని పట్టు గుడ్డసంచుల ఫిల్టరును గురించియు ఒక మాట. అది చిరిగినచో మెత్తనిధూళి కార్మికుల ఊపిరితిత్తులకును, చుట్టుప్రక్కల పైరులకును చేరును. పిండిచేయుట ఎంత ముఖ్యమో, ఆ పిండిని పట్టి నిలుపుట అంత ముఖ్యము.

సభాసదులారా! గానుగకాడ నిలిచిన మేస్త్రికి సూత్రములు తెలియవు. కాని ఎప్పుడు ఆపవలెనో తెలియును. బలము, వేగము, గాలి, వేడిమి అన్నిటిని చాలినంతలో నిలుపుటయే రోలరు మిల్లు రూపకల్పనలోని సారము. ఎక్కువ నొక్కగలవాడు గొప్ప ఇంజనీరు కాడు. ఎంత నొక్కిన చాలునో ఎరిగినవాడు గొప్ప ఇంజనీరు. పల్లెలనుండి గనులకు, సిమెంటు కర్మాగారములకు, విద్యుత్కేంద్రములకు వెళ్లు యువకులు పెక్కుమంది కలరు. తాము కాపలాకాయు యంత్రము లోపల ఏమి జరుగుచున్నదో వారికి తెలిసియుండుట వారి జీతమునకేగాక జీవితమునకును రక్ష. ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయపు బీరువాలో పురాణములప్రక్క, కావ్యములప్రక్క యంత్రశాస్త్రమునకును ఒక అర కేటాయింపబడి, సాయంకాలము దీపమువద్ద ఒక్క బాలుడైనను ఆ పుస్తకమును తెరచినచో ఈ రజతోత్సవము సార్థకమగును.